తొమ్మిదిన్నర

కంచరపాలెం గేటు దాటాక ఎడం పక్క రేకుల షెడ్డు.
బోర్డు లేదు. అడిగితే ఎవరైనా చెప్తారు,
"తొమ్మిదిన్నర కొట్టా? అదిగో."
కొత్తవాళ్ళు టైమనుకుంటారు.
దాలినాయుడి వేళ్ళ లెక్క అది.

పార్కుల్లో గడ్డి కోసే మిషన్లు, నేవీ క్వార్టర్ల మోవర్లు,
జాలారిపేట పడవల ఇంజన్లు,
ఒకసారి చెరుకు రసం బండి మోటారు కూడా.
ఉప్పుగాలి కొరికిన ఇనుమంతా మా గుమ్మంలోకే.

నేను చేరిన రోజు పానా చేతికివ్వలేదు.
పాత మోవరొకటి ముందు పెట్టి
"ఒలే, ఇదేటి సేస్తంది?" అన్నాడు.
"ఏం చెయ్యట్లేదు. ఆగిపోయింది."
"ఆగిందా? సచ్చిందా?"
నాకు తేడా తెలీలేదు.

దాన్ని వాల్చి, బ్లేడుని వెదురు ముక్కతో తోశాడు.
లోపల పిస్టను మూలిగింది,
గొంతు సవరించుకుంది,
ఒక్క దగ్గు.
వెదురు ముక్క రేకు గోడకి కొట్టుకుని
నా కాళ్ళ దగ్గర పడింది, చివర చీలి.
"నీ ఏలు అది," అన్నాడు తాపీగా.
"ఆగినోడు నిద్రోతన్నాడంతే.
ముందు ప్లగ్గు టోపీ పీకి దూరంగా మడిచిపెట్టు.
అప్పుడు సచ్చినట్టు."

చెవి మీద బీడీ పొద్దుట్నుంచీ అలాగే ఉంది.
రోడ్డు దాటి టీ కొట్టు దగ్గరికి వెళ్తే తప్ప
అది వెలగదు.

వాల్చితే ప్లగ్గు ఆకాశాన్ని చూడాలి.
పెట్రోలు తుడిచిన గుడ్డ ఉండచుట్టి మూల పడెయ్యకూడదు.
వేడి మీదున్న టాంకీ మూత విప్పకూడదు.
"కాలిన పెనం మీద నీళ్ళు పోస్తే సుయ్‌మంటాది.
ఇది సుయ్‌మనదు," అనేవాడు.
ఏమంటుందో ఎప్పుడూ చెప్పలేదు.

హుద్‌హుద్ పోయిన మూడో రాత్రి
ఊరంతా చీకటి, రోడ్డుకి అడ్డంగా చెట్లు.
అద్దె జనరేటరు కోసం ఒకాయన వచ్చాడు.
వానొస్తే తడుస్తుంది, పడకగదిలో పెడతానన్నాడు.
గొంతు పెంచడం ఎరగని నాయుడు
ఆ సగం వేలుతో సహా చెయ్యి అడ్డం పెట్టాడు.
"పొగకి కంపుంటాది బాబూ,
అందులో సంపేదానికుండదు.
ఈదిలో పెట్టు. తడిస్తే నాను బాగు సేస్తాను.
నిన్ను బాగు సెయ్యలేను."

ఆ వేలెలా పోయిందని నేనడగలేదు.
ఆరేళ్ళకి తనే చెప్పాడు, గాజువాక బస్సులో.
ఏదో పెద్ద కథ ఉంటుందనుకున్నాను.
"శనారం సాయంత్రం. పార్టీ గుమ్మంలో నిల్చొని
బేగి బేగి అన్నాడు.
నాను బేగి సేసాను."
అంతే. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.
టిక్కెట్టు చేతిలో నలుగుతూనే ఉంది
దిగేదాకా.

షెడ్డిప్పుడు నాది.
నాకు పదీ ఉన్నాయి, పేరు మాత్రం మారలేదు.
మొన్న ఒకావిడ కారు ఆపకుండానే అద్దం దించి
బేగి కావాలంది.
ఆ మాట బయట పెట్టి లోపలికి రమ్మన్నాను.
కోపమొచ్చి వెళ్ళిపోయింది.
ఆ నెల అద్దె కొంచెం ఆలస్యమైంది.

పలాస నుంచి కుర్రాడొకడు చేరాడు, ఢిల్లేశ్వర్రావు.
ఢిల్లీ అంటే పలుకుతాడు.
వాడికీ వెదురు ముక్క చూపించాను.
నవ్వు ఆపుకుందామని చూశాడు గానీ
చప్పుడికి ఆగిపోయింది.

సాయంత్రం షట్టరు దించే ముందు
నాయుడు మా చేతులు చూసేవాడు,
బళ్ళో గోళ్ళు చూసినట్టు.
నేనూ చూస్తాను.
నిన్న ఢిల్లీ గ్రీజు చేతులు చాపి,
నా లెక్కయ్యాక వెనక్కి తీసుకోకుండా
"నీయీ సూపించక్కా," అన్నాడు.

చాపాను.
బొటనవేలితో మొదలెట్టి
ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టాడు.
పది అన్నాడు.
ఎందుకో మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాడు.